పదమూడున్నర ఆటల దూరం: 1951 న్యూయార్క్ జెయింట్స్ ఎలా గెలిచింది

1951 ఆగస్టు 11. అమెరికా బేస్‌బాల్‌లో నేషనల్ లీగ్ పట్టిక చూసిన వాళ్ళకి ఆ ఏడాది పోటీ ముగిసిపోయినట్టే కనిపించింది. ఆ రోజు ఒక దశలో బ్రూక్లిన్ డాడ్జర్స్ 70 మ్యాచ్‌లు గెలిచి 35 ఓడింది. రెండో స్థానంలో ఉన్న న్యూయార్క్ జెయింట్స్ 59 గెలిచి 51 ఓడింది. రెండూ ఒకే నగరంలోని జట్లు. నది దాటితే ఒకరి మైదానం నుంచి ఇంకొకరి మైదానానికి వెళ్ళిపోవచ్చు. పట్టికలో మాత్రం వాటి మధ్య 13½ ఆటల దూరం ఉంది.

ఈ 13½ ఎలా వచ్చిందో ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే కథంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. గెలుపుల్లో తేడా 11. ఓటముల్లో తేడా 16. రెండూ కలిపితే 27, అందులో సగం 13½. మనం క్రికెట్ లీగుల్లో పాయింట్లు లెక్కపెట్టుకుంటాం, బేస్‌బాల్‌లో ఎన్ని ఆటలు వెనకబడ్డారో లెక్కపెట్టుకుంటారు. అప్పట్లో నేషనల్ లీగ్‌లో ఎనిమిది జట్లుండేవి. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో 22 సార్లు చొప్పున ఆడేది, అంటే సీజన్‌కి 154 మ్యాచ్‌లు. మొదటి స్థానంలో నిలిచిన జట్టు అమెరికన్ లీగ్ విజేతతో వరల్డ్ సిరీస్ ఆడేది. ఇప్పటి మాదిరి క్వార్టర్లు, సెమీలు లేవు. మొదటి స్థానం రాకపోతే ఇంటికే.

జెయింట్స్‌కి మిగిలినవి 44 మ్యాచ్‌లు. వాటిలో 37 గెలిచింది, 7 ఓడింది. డాడ్జర్స్ మిగిలిన 49లో 26 గెలిచి 23 ఓడింది. సెప్టెంబర్ 30 రాత్రికి రెండు జట్లూ సరిగ్గా 96 గెలుపులు, 58 ఓటములతో సమానంగా నిలిచాయి. మూడు మ్యాచ్‌ల ప్లేఆఫ్ పెట్టారు. మూడో మ్యాచ్ చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బాబీ థామ్సన్ కొట్టిన హోమ్ రన్‌తో (బంతిని గోడ దాటించే దెబ్బ, మన సిక్సర్ లాంటిది) జెయింట్స్ గెలిచింది. ‘ప్రపంచమంతా వినిపించిన దెబ్బ’ అని అమెరికన్లు ఇప్పటికీ చెప్పుకునేది దీన్నే.

ఆ తర్వాత 50 ఏళ్ళకి, 2001లో, ఒక పత్రికా పరిశోధన ఆ జ్ఞాపకానికి ఇంకో వస్తువుని జత చేసింది: టెలిస్కోప్. జెయింట్స్ తమ సొంత మైదానంలో టెలిస్కోప్‌తో, ఎలాంటి బంతి రాబోతోందో చెప్పే ఎదుటి జట్టు రహస్య సంకేతాలు దొంగిలించారని తేలింది. అప్పటి నుంచి ఈ సీజన్ గురించి ఎవరు మాట్లాడినా రెండే విషయాలు: ఆ ఒక్క దెబ్బ, ఆ ఒక్క టెలిస్కోప్. ఒకరికి అది అద్భుతం, ఇంకొకరికి మోసం. ఆ రెండు మాటలూ కలిసి 157 మ్యాచ్‌ల సీజన్‌ని మింగేశాయి. ఆ జట్టు ఎలా గెలిచిందన్న ప్రశ్నకి మంచి జవాబు ఆ మ్యాచ్‌లలోనే దొరుకుతుంది.

ఏప్రిల్ నుంచి మొదలుపెట్టాలి. ఆ సీజన్‌లో జెయింట్స్ ఆరంభం ఘోరం. వరుసగా 11 మ్యాచ్‌లు ఓడిపోయి, మొదటి 14లో రెండే గెలిచింది. 154 మ్యాచ్‌ల సీజన్‌లో 14 చిన్న భాగమే, కానీ అంత పెద్ద గొయ్యి తవ్వుకున్నాక పైకి రావడం కష్టం. ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. ఆ 14 మ్యాచ్‌లు పక్కన పెడితే, ఆగస్టు 11 వరకు జెయింట్స్ 57 గెలిచి 39 ఓడింది. పది ఆడితే ఆరు గెలిచినట్టు. అది బాగా ఆడుతున్న జట్టు లెక్క. మామూలు ఏడాదిలో అలా ఆడే జట్టు సెప్టెంబర్ దాకా పోటీలో ఉంటుంది. ఆ ఏడాది ఉన్నట్టు కనిపించకపోవడానికి కారణం ఏప్రిల్‌లోని ఆ రెండు వారాలు, ఆ పైన డాడ్జర్స్ అసాధారణ వేగం. అంటే ఆగస్టులో లేచి కూర్చున్నది చచ్చిన జట్టు కాదు. మే నెల నుంచే అది మంచి జట్టు. పట్టికలో ఆ సంగతి కనిపించలేదంతే.

మే నెలలో ఏం మారింది? మేనేజర్ లియో డ్యురోషర్ ఆటగాళ్ళ స్థానాలు మార్చాడు. డ్యురోషర్ అంతకుముందు డాడ్జర్స్ మేనేజర్. 1948 సీజన్ మధ్యలో నేరుగా శత్రు శిబిరానికి, అంటే జెయింట్స్‌కి వచ్చాడు. నోటి దురుసు మనిషి, గెలుపు కోసం ఏదైనా చేసే మనిషి అని పేరు. బేస్‌బాల్‌లో బ్యాటర్ మూడు బేస్‌లు చుట్టి హోమ్ ప్లేట్‌కి తిరిగొస్తే ఒక పరుగు. మే 21 ప్రాంతంలో ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌లో ఇబ్బంది పడుతున్న మాంటీ ఇర్విన్‌ని లెఫ్ట్ ఫీల్డ్‌కి పంపి, లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్న వైటీ లాక్‌మన్‌ని ఫస్ట్ బేస్‌కి తెచ్చాడు. చూడ్డానికి చిన్న మార్పు. కానీ ఇర్విన్ ఆట విచ్చుకుంది. ఆ ఏడాది 0.312 సగటుతో 24 హోమ్ రన్‌లు కొట్టాడు, తన దెబ్బలతో జట్టుకి 121 పరుగులు రాబట్టి లీగ్‌లోనే మొదటివాడయ్యాడు.

ఇర్విన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళడం అన్యాయం. నల్లజాతి ఆటగాళ్ళని మేజర్ లీగ్‌లు రానివ్వని రోజుల్లో అతను నీగ్రో లీగ్‌లో న్యూవార్క్ ఈగిల్స్ జట్టుకి ఆడాడు. 1947లో జాకీ రాబిన్సన్ ఆ గోడ బద్దలు కొట్టాక, 1949లో జెయింట్స్‌లోకి వచ్చేసరికి ఇర్విన్‌కి 30 ఏళ్ళు. ఆటగాడిగా మంచి వయసు చాలావరకు అప్పటికే గడిచిపోయింది. 1951లో చూసింది అతని అత్యుత్తమ ఏడాది అని రాస్తారు. నిజానికి మేజర్ లీగ్ ప్రేక్షకులు చూడగలిగిన ఏళ్ళలో అత్యుత్తమం. అంతకు ముందువి చూసే అవకాశం వాళ్ళకి వాళ్ళే పోగొట్టుకున్నారు.

మే 25న ఇంకో మార్పు. మిన్నియాపోలిస్‌లోని దిగువ స్థాయి జట్టు నుంచి 20 ఏళ్ళ కుర్రాడిని పిలిపించారు. అక్కడ 35 మ్యాచ్‌లలో అతని సగటు 0.477. బేస్‌బాల్‌లో 0.300 దాటితేనే గొప్ప, పది ప్రయత్నాల్లో మూడు సార్లు సఫలమైతే చాలు. ఇతను దాదాపు సగం సార్లు సఫలమవుతున్నాడు. అలాంటి ఆటగాడిని లాగేసుకున్నందుకు జెయింట్స్ యజమాని హొరేస్ స్టోన్‌హామ్ మిన్నియాపోలిస్ పత్రికలో ప్రకటన వేయించి అక్కడి అభిమానులకి సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆ కుర్రాడు విల్లీ మేస్.

మేస్ మొదటి 12 ప్రయత్నాల్లో ఒక్క హిట్ (బేస్ చేర్చే దెబ్బ) కూడా కొట్టలేదు. తర్వాత వారెన్ స్పాన్ లాంటి గొప్ప పిచర్ (బంతి విసిరేవాడు) వేసిన బంతిని హోమ్ రన్‌గా కొట్టాడు. మళ్ళీ మౌనం. 26 ప్రయత్నాల్లో ఒక్కటంటే ఒక్క హిట్. దిగువ లీగ్‌కి పంపించెయ్యమని కుర్రాడు ఏడ్చాడు. డ్యురోషర్ ఒప్పుకోలేదు. కొట్టినా కొట్టకపోయినా సెంటర్ ఫీల్డర్ నువ్వేనని చెప్పాడు. ఈ సంఘటనని మంచి మనసు కథగా చెబుతుంటారు. అందులో ఆట లెక్క కూడా ఉంది. జెయింట్స్ సొంత మైదానం పోలో గ్రౌండ్స్ గుర్రపు నాడా ఆకారంలో ఉండేది. రెండు పక్కలా గోడలు బాగా దగ్గర, కుడి పక్క 258 అడుగులే. మధ్యలో మాత్రం 480 అడుగుల పైనే. ఆ మధ్య భాగమంతా ఒక్క సెంటర్ ఫీల్డర్ కాయాలి. అలాంటి మైదానంలో మేస్ బ్యాట్ పలకకపోయినా కాళ్ళూ చేతులూ పరుగులు ఆపుతాయి. ఆపిన పరుగు, చేసిన పరుగు పట్టికలో ఒక్కటే.

ఆగస్టు 15న డాడ్జర్స్‌తో మ్యాచ్‌లో అది కళ్ళకి కట్టింది. కార్ల్ ఫురిల్లో కొట్టిన బంతి కుడివైపు లోతుగా వెళ్ళింది. మేస్ పరుగెత్తి పట్టుకున్నాడు. థర్డ్ బేస్ మీదున్న బిల్లీ కాక్స్ వేగంగా పరుగెత్తగలవాడు, తేలిగ్గా పరుగు వస్తుందనుకుని బయల్దేరాడు. మేస్ అటు తిరిగి ఉన్నవాడు ఆ ఊపులోనే గుండ్రంగా తిరిగి బంతి విసిరాడు. అది నేరుగా హోమ్ ప్లేట్ దగ్గర క్యాచర్ వెస్ వెస్ట్రమ్ చేతిలో పడింది. కాక్స్ అవుట్. జెయింట్స్ 3-1తో గెలిచింది. ఆగస్టు 12 నుంచి 27 వరకు సాగిన 16 వరుస గెలుపుల్లో అదొకటి. ఏడాది చివర్లో మేస్‌కి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు వచ్చింది. సగటు 0.274, హోమ్ రన్‌లు 20. ఆ అంకెల్లో ఆ విసురు ఎక్కడా కనపడదు.

మేస్ రావడంతో అప్పటిదాకా సెంటర్ ఫీల్డ్ ఆడుతున్న బాబీ థామ్సన్ స్థానం పోయింది. థామ్సన్ స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టి న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో పెరిగినవాడు, నెమ్మదైన మనిషి. ఆ వేసవిలో సరిగ్గా కొట్టలేక, స్థానం కూడా లేక బెంచీ మీద కూర్చున్నాడు. జులై 20 ప్రాంతంలో థర్డ్ బేస్ ఆడే హాంక్ థాంప్సన్‌కి గాయమైంది. పేర్లు దగ్గరగా ఉన్నా వీళ్ళిద్దరూ వేరు. వేరే దారి లేక డ్యురోషర్ థామ్సన్‌ని థర్డ్ బేస్‌లో పెట్టాడు. నిలబడే తీరు కూడా మార్చుకోమన్నాడు, కాస్త వంగి నిలబడమన్నాడు. అక్కడి నుంచి సీజన్ చివరిదాకా థామ్సన్ సగటు 0.357. మొత్తం ఏడాదికి 32 హోమ్ రన్‌లు, రాబట్టిన పరుగులు 101.

ఈ జులై 20 అన్న తేదీ గుర్తుంచుకోవాలి. టెలిస్కోప్ మొదలైందని చెప్పేది కూడా ఆ సమయంలోనే.

బ్యాటింగ్ గురించి ఎంత మాట్లాడుకున్నా, ఈ సీజన్‌లో జెయింట్స్ డాడ్జర్స్ కంటే మెరుగ్గా ఉన్నది బ్యాటింగ్‌లో కాదు. డాడ్జర్స్ ఆ ఏడాది 855 పరుగులు చేసింది, జెయింట్స్ 781. గిల్ హాడ్జెస్ ఒక్కడే 40 హోమ్ రన్‌లు కొట్టాడు. క్యాచర్ రాయ్ కాంపనెల్లా లీగ్ ఉత్తమ ఆటగాడు. జాకీ రాబిన్సన్, డ్యూక్ స్నైడర్, పీ వీ రీస్. ఆ వరుస చూస్తే ఏ పిచర్‌కైనా టెన్షన్. జెయింట్స్ పైచేయి పిచింగ్‌లో. బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచర్ పేరున కూడా రాస్తారు. సాల్ మాగ్లీ 23 గెలిచి 6 ఓడాడు. లారీ జాన్సెన్ 23 గెలిచాడు. జిమ్ హెర్న్ 17. లీగ్‌లో అతి తక్కువ పరుగులిచ్చిన పిచింగ్ దళాల్లో జెయింట్స్‌దే ముందు వరస.

మాగ్లీ నేపథ్యం ఆసక్తికరం. 1946లో ఎక్కువ డబ్బు కోసం మెక్సికన్ లీగ్‌కి వెళ్ళాడు. అలా వెళ్ళినవాళ్ళని మేజర్ లీగ్‌లు నిషేధించాయి. మెక్సికోలో క్యూబా గురువు డాల్ఫ్ లూకే దగ్గర తన కర్వ్ (వంపు తిరిగే) బంతికి పదును పెట్టుకున్నాడు, బ్యాటర్ గడ్డానికి దగ్గరగా బంతి విసిరి భయపెట్టడమూ నేర్చుకున్నాడు. అందుకే అతన్ని ‘బార్బర్’ అనేవాళ్ళు. నిషేధం ఎత్తేశాక 1950లో తిరిగొచ్చేసరికి 33 ఏళ్ళ కొత్త పిచర్. ఎక్కడికి వెళ్ళినందుకు శిక్ష పడిందో అక్కడే నైపుణ్యం సంపాదించుకుని వచ్చాడు.

పిచింగ్ ఎందుకు అంత ముఖ్యమంటే, 44లో 37 గెలవాలంటే ప్రతి మ్యాచ్‌లోనూ ఏడెనిమిది పరుగులు చేసి గెలవలేరు. 3-1, 2-1, 3-2 లాంటి మ్యాచ్‌లు గెలవగలగాలి. అవి పిచర్లు గెలిపించే మ్యాచ్‌లు. ఎదుటివాడు ఏం విసురుతున్నాడో ముందే చెప్పే టెలిస్కోప్‌కి మన పిచర్ చెయ్యి మీద ఏ ప్రభావమూ ఉండదు. ఈ సీజన్ గురించి చెప్పాల్సిన అసలు మాట ఇదే, దీనికి మళ్ళీ వద్దాం.

డాడ్జర్స్ వైపు కూడా చూడాలి, ఎందుకంటే ఆ జట్టు కుప్పకూలిందనే మాట పూర్తిగా నిజం కాదు. 26 గెలిచి 23 ఓడటం కుప్పకూలడం కాదు, మామూలు జట్టుగా మారిపోవడం. అంతకుముందు వేగంతోనే ఆడి ఉంటే ఆ 49లో సుమారు 33 గెలిచి 103 దాకా వెళ్ళేది. అంత కూడా అక్కర్లేదు. 26కి బదులు 27 గెలిచినా చాలు, ప్లేఆఫ్ ఉండేది కాదు, థామ్సన్ దెబ్బ ఉండేది కాదు. అలాగే జెయింట్స్ 37కి బదులు 36 గెలిచినా అంతే. ఏ ఒక్క క్షణం ఈ సీజన్‌ని తేల్చిందని చెప్పేవాళ్ళు ఈ లెక్క ముందు కాసేపు ఆగాలి. ఆ ఏడు వారాల్లో రెండు జట్లూ ఆడిన మ్యాచ్‌లలో ఏ ఒక్కటి అటూ ఇటూ అయినా కథే మారిపోయేది.

డాడ్జర్స్‌లో మారింది అలసట. మేనేజర్ చార్లీ డ్రెసెన్‌కి నమ్మకమున్న పిచర్లు తక్కువ. ఉన్నవాళ్ళనే మళ్ళీ మళ్ళీ వాడాడు. డాన్ న్యూకంబ్ ఆఖరి అయిదు రోజులు చూస్తే చాలు. సెప్టెంబర్ 29న ఫిలడెల్ఫియాలో మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ విసిరి ఒక్క పరుగూ ఇవ్వలేదు. మర్నాడే మళ్ళీ మధ్యలో దిగి అయిదున్నరకి పైగా ఇన్నింగ్స్ విసిరాడు. రెండు రోజులు ఆగి, అక్టోబర్ 3న నిర్ణాయక మ్యాచ్‌లో ఎనిమిదికి పైగా. అయిదు రోజుల్లో 23 ఇన్నింగ్స్. ఈ రోజుల్లో ఏ జట్టూ ఏ పిచర్‌నీ అలా వాడదు. న్యూకంబ్ పెద్ద మ్యాచ్‌లలో తట్టుకోలేడని తర్వాత రాసినవాళ్ళు ఈ అంకె చూసి రాశారా అనిపిస్తుంది.

సెప్టెంబర్ 30 సంగతి వేరే చెప్పాలి. ఆ రోజు జెయింట్స్ బోస్టన్‌లో బ్రేవ్స్‌ని 3-2తో ఓడించేసింది. డాడ్జర్స్ ఫిలడెల్ఫియాలో 1-6తో వెనకబడి ఉంది. ఓడితే సీజన్ అయిపోతుంది. పుంజుకుని సమం చేశారు, మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్ళింది. పన్నెండో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా ఎడ్డీ వెయిట్‌కస్ కొట్టిన బంతిని రాబిన్సన్ పక్కకి దూకి అందుకుని నేలకి గుద్దుకున్నాడు. కాసేపు లేవలేకపోయాడు. పద్నాలుగో ఇన్నింగ్స్‌లో అతనే రాబిన్ రాబర్ట్స్ బంతిని హోమ్ రన్ కొట్టి 9-8తో గెలిపించాడు. ఒక మనిషి రెండు చేతులతో సీజన్‌ని పట్టి ఆపడం అంటే అది. మూడు రోజుల తర్వాత జట్టు ఓడిపోయింది కాబట్టి ఆ మ్యాచ్ మరుగున పడింది.

ప్లేఆఫ్‌కి నాణెం ఎగరేశారు. డాడ్జర్స్ గెలిచి మొదటి మ్యాచ్ తమ మైదానం ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో కావాలంది. దాంతో మిగతా రెండూ పోలో గ్రౌండ్స్‌కి వెళ్ళాయి. మొదటి మ్యాచ్ జెయింట్స్ 3-1తో గెలిచింది. థామ్సన్, ఇర్విన్ ఇద్దరూ రాల్ఫ్ బ్రాంకా బంతుల్నే హోమ్ రన్‌లు కొట్టారు. రెండో మ్యాచ్ డాడ్జర్స్ 10-0తో గెలిచింది, క్లెమ్ లబైన్ ఒక్క పరుగూ ఇవ్వలేదు.

అక్టోబర్ 3, మూడో మ్యాచ్. టికెట్టు కొని వచ్చినవాళ్ళు 34,320 మంది. యాభై వేలకి పైగా పట్టే మైదానం, చాలా సీట్లు ఖాళీ. మాగ్లీకి ఎదురుగా న్యూకంబ్. ఈ మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఎవరైనా విలన్ ఉన్నాడంటే అది థామ్సనే. రెండో ఇన్నింగ్స్‌లో ముందు బేస్ మీద లాక్‌మన్ ఉన్నాడని చూడకుండా అక్కడికే పరుగెత్తి అవుటయ్యాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు రాబట్టి 1-1 చేశాడు కానీ, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ మూడు పరుగులు చేసినప్పుడు థర్డ్ బేస్ పక్క నుంచి బంతులు వెళ్ళిపోతుంటే ఆపలేకపోయాడు. 4-1. చివరి ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి న్యూకంబ్ అలిసిపోయాడు.

ఆల్విన్ డార్క్ హిట్ కొట్టి ఫస్ట్ బేస్ చేరాడు. మూడు పరుగుల ఆధిక్యం ఉన్నా డాడ్జర్స్ ఫస్ట్ బేస్‌మన్ హాడ్జెస్ డార్క్‌ని కదలనివ్వకూడదని బేస్‌కి అంటిపెట్టుకుని నిలబడ్డాడు. కుడి పక్క ఖాళీ పెరిగింది. బంతిని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తోయడంలో నేర్పరి డాన్ మ్యూలర్ సరిగ్గా ఆ ఖాళీలోంచే కొట్టాడు. ఆ పరుగు మనిషి వల్ల ఏ నష్టమూ లేదు, అతన్ని వదిలేసి వెనక్కి జరిగి నిలబడి ఉంటే అది తేలిగ్గా అవుటయ్యే బంతి. ఇన్నింగ్స్‌లో అందరూ మర్చిపోయే తప్పు ఇదే, నా లెక్కలో అతి పెద్ద తప్పూ ఇదే. ఇర్విన్ గాల్లోకి కొట్టి అవుట్. లాక్‌మన్ డబుల్ (ఒకే దెబ్బకి రెండో బేస్) కొట్టాడు, డార్క్ హోమ్ ప్లేట్ చేరాడు, 4-2. మ్యూలర్ థర్డ్ బేస్‌లోకి జారుతూ చీలమండకి గాయం చేసుకున్నాడు. అతన్ని మోసుకెళ్ళారు.

డ్రెసెన్ న్యూకంబ్‌ని తీసేసి బ్రాంకాని దింపాడు. రెండు రోజుల క్రితమే థామ్సన్ చేతిలో దెబ్బ తిన్న బ్రాంకా. పక్కన సిద్ధమవుతున్న కార్ల్ ఎర్‌స్కిన్ కర్వ్ బంతులు నేలకి తగులుతున్నాయని బుల్‌పెన్ (పిచర్లు సిద్ధమయ్యే చోటు) నుంచి కబురొచ్చింది, అందుకే ఇతన్ని ఎంచుకున్నాడు. ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంది, థామ్సన్‌కి కావాలని దూరంగా బంతులేసి ఫస్ట్ బేస్ ఇచ్చేసి తర్వాత వచ్చే కొత్త కుర్రాడు మేస్‌కి విసరొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కానీ గెలుపు పరుగు థామ్సన్‌దే. అతన్ని బేస్ ఎక్కించడమంటే గెలుపుని చేతికి ఇచ్చినట్టే. డ్రెసెన్ నిర్ణయంలో ఆ భాగం తప్పు కాదు. మొదటి బంతిని థామ్సన్ కొట్టలేదు, అది స్ట్రైక్. రెండో బంతి లోపలికి, పైకి వచ్చింది. థామ్సన్ కొట్టాడు. బంతి ఎడమ పక్క గోడ దాటి కింది వరస సీట్లలో పడింది. 5-4. రేడియోలో వ్యాఖ్యాత రస్ హాడ్జెస్ జెయింట్స్ గెలిచిందని ఒకే వాక్యం పదేపదే అరిచాడు. డాడ్జర్స్ అందరూ తలలు దించుకుని వెళ్ళిపోతుంటే రాబిన్సన్ మాత్రం నిలబడి, థామ్సన్ ప్రతి బేస్‌నీ తొక్కాడా లేదా అని చూస్తూ ఉన్నాడు.

ఇప్పుడు టెలిస్కోప్. పోలో గ్రౌండ్స్‌లో ఆటగాళ్ళ గదులు సెంటర్ ఫీల్డ్ చివర, మైదానంలోకి చూస్తూ ఉండేవి. అక్కడ డ్యురోషర్ ఆఫీసు కిటికీ దగ్గర టెలిస్కోప్ పెట్టి, ఎదుటి క్యాచర్ తన పిచర్‌కి వేళ్ళతో చూపించే సంకేతాన్ని కోచ్ హెర్మన్ ఫ్రాంక్స్ చూసేవాడు. అది వేగంగా వచ్చే బంతా, తిరిగే బంతా అన్నది కరెంటు బజర్ ద్వారా కుడి పక్క బుల్‌పెన్‌కి చేరేది. అక్కడ కూర్చున్న సాల్ యువార్స్ చేతిలోని బంతిని కదపకుండా పట్టుకుంటే ఒకటి, పైకి ఎగరేస్తే ఇంకొకటి. బ్యాటర్ ఒక్క చూపుతో తెలుసుకునేవాడు. మైదానం మీద కళ్ళతో చూసి సంకేతం పట్టుకోవడం బేస్‌బాల్‌లో తప్పు కాదు. పరికరం పెట్టి పట్టుకోవడాన్ని ఆ రోజుల్లో నియమం నిషేధించలేదు, నేషనల్ లీగ్ దాన్ని నిషేధించింది 1961లో. నియమం లేకపోయినా అది మోసమే. దాచిపెట్టి చేశారంటేనే వాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

మోసం జరిగిందా అనేది ఒక ప్రశ్న, మోసం వల్ల గెలిచారా అనేది ఇంకో ప్రశ్న. రెండూ కలిపేయడం వల్లే ఈ చర్చ ఎప్పుడూ చెడుతుంది. టెలిస్కోప్ ఒక్క పోలో గ్రౌండ్స్‌లోనే ఉంది. అది పని చేసి ఉంటే జులై తర్వాత సొంత మైదానంలో జెయింట్స్ బ్యాటింగ్ పెరగాలి. మ్యాచ్ మ్యాచ్‌కీ లెక్కలు తీసినవాళ్ళకి దానికి వ్యతిరేకం కనిపించింది: సొంత మైదానంలో బ్యాటింగ్ సగటు కాస్త తగ్గింది, బయటి మైదానాల్లో పెరిగింది. బాగా మెరుగుపడింది పిచింగ్. ఇంకో రకంగా చూడండి. సీజన్ ఆఖర్లో తప్పకుండా గెలవాల్సిన నాలుగు మ్యాచ్‌లు ఫిలడెల్ఫియాలో, బోస్టన్‌లో ఆడి నాలుగూ గెలిచింది. ప్లేఆఫ్ మొదటి మ్యాచ్ ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో గెలిచింది, థామ్సన్ బ్రాంకా బంతిని అక్కడా హోమ్ రన్ కొట్టాడు. టెలిస్కోప్ ఉన్న పోలో గ్రౌండ్స్‌లో ఆడిన రెండో మ్యాచ్‌లో ఒక్క పరుగూ చేయలేక 0-10తో ఓడింది.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే, దాన్ని దాటవేయకూడదు. 16 వరుస గెలుపుల్లో 13 సొంత మైదానంలోవే. థామ్సన్ సగటు పెరగడం, టెలిస్కోప్ రావడం ఒకే సమయంలో జరిగాయి. కొత్త స్థానం వల్లా, వంగి నిలబడటం వల్లా, రోజూ ఆడే అవకాశం వల్లా, సంకేతాల వల్లా అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. పైగా రెండు జట్లూ సరిసమానంగా ముగించిన సీజన్‌లో టెలిస్కోప్ ఒక్క మ్యాచ్ గెలిపించినా చాలు, ఫలితం మారిపోయినట్టే. ఇందాక 27వ గెలుపు గురించి చెప్పిన లెక్క ఇక్కడ డాడ్జర్స్ పక్షాన పనిచేస్తుంది. కాబట్టి టెలిస్కోప్‌కి ఏ పాత్రా లేదని అనలేం. ఆ 37 గెలుపుల బరువు మోసింది అది కాదు అని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. ఆ బరువు మోసింది మాగ్లీ, జాన్సెన్, హెర్న్ చేతులు, మేస్ కాళ్ళు, ఇర్విన్ బ్యాట్. ఆ బంతి ఏమిటో ముందే తెలుసా అని అడిగితే థామ్సన్ తెలియదనే చెప్పాడు.

థామ్సన్ దెబ్బ పడిన మర్నాడే, విశ్రాంతి లేకుండా, యాంకీ స్టేడియంలో వరల్డ్ సిరీస్ మొదలైంది. మ్యూలర్ చీలమండ గాయంతో ఖాళీ అయిన స్థానంలో హాంక్ థాంప్సన్ వచ్చాడు. ఇర్విన్, మేస్, థాంప్సన్: వరల్డ్ సిరీస్ చరిత్రలో ముగ్గురూ నల్లజాతి ఆటగాళ్ళే అయిన మొదటి అవుట్‌ఫీల్డ్. ఆ మ్యాచ్‌లో ఇర్విన్ ఏకంగా హోమ్ ప్లేట్‌నే దొంగిలించాడు (ఎవరూ కొట్టకుండానే పరుగెత్తి చేరాడు), డేవ్ కాస్లో పిచింగ్‌తో జెయింట్స్ 5-1తో గెలిచింది. సిరీస్ మాత్రం యాంకీస్ 4-2తో గెలుచుకుంది. ఇర్విన్ సగటు 0.458. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

బ్రాంకాకి అప్పటికి 25 ఏళ్ళు. ఆ మ్యాచ్ అయ్యాక గదిలో మెట్ల మీద బోర్లా పడి ఏడుస్తున్న ఫొటో అచ్చయింది. మళ్ళీ అతను పాత స్థాయికి రాలేదు. 1954లో డెట్రాయిట్ జట్టులో ఉండగా టెలిస్కోప్ సంగతి తోటి ఆటగాడి ద్వారా చెవిన పడింది. ఓడినవాడి సాకులా వినిపిస్తుందని బయటపెట్టలేదు. దాదాపు అర్ధ శతాబ్దం పాటు థామ్సన్ పక్కనే వేదికల మీద కూర్చుని, ఆ ఒక్క బంతి గురించి అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా జవాబులు చెప్పాడు.